జయరాజ్ దిండు

జూన్ 18, 2007

ఇవాళ హెడ్మాస్టరు ప్రభాకర్ బడి ఆఫీసు మెట్ల మీద ఆగాడు. ఉన్నవే నాలుగు మెట్లు. రెండో మెట్టు మీద నిలబడి జేబులో ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. జేబులో ఏమీ లేదు. నేను లోపల టీ గ్లాసులు తుడుస్తూ చూస్తూనే ఉన్నాను.

ఆ నటన నాకు కొత్త కాదు. మా ఆయన జయరాజ్ కూడా అంతే. చర్చికి వెళ్ళే దారిలో చెప్పులో రాయి పడిందని వంగేవాడు. ఊడని గుండీ పెట్టుకునేవాడు. ఎవరైనా పలకరిస్తే మహా సంతోషంగా ఆగిపోయేవాడు. అదంతా ఊపిరి కోసమని నాకు చివర్లో గానీ తెలియలేదు.

హెడ్మాస్టరు గారికి ఎండ తగిలి ఉంటుంది, అంతే. అయినా రాసి పెట్టుకుంటున్నాను. రాసుకుంటే ఏం పోయింది.

జూన్ 24, ఆదివారం

చర్చిలో ముందు వైపు సంఘ పెద్దల కుర్చీలుంటాయి. నడిమి కుర్చీ ప్రభాకర్‌ది. నేను ఆడవాళ్ళ చాప మీద సరిగ్గా వాడి ముఖం కనిపించే చోటు చూసుకుని కూర్చుంటాను. కావాలనే. శత్రువును ప్రేమించమని పాస్టరు గారు ఈ వారం కూడా చెప్పారు. చెప్పడానికేం, ఆయనకు శత్రువులు లేరు.

పోయినేడు ఆ కుర్చీలోంచే లేచి నిలబడ్డాడు. "జయరాజ్‌ను కొన్నాళ్ళు పాటలకెల్లి పక్కన పెడదాం. మనిషి తాగుతుండు. కాళ్ళు ఉబ్బినయ్, పొట్ట వచ్చింది, పాట నడుమ దమ్ము ఆగిపోతుంది. బడిల రోజూ చూస్తున్న. పక్కింట్లనే ఉంట. నాకు తెల్వదా?" అన్నాడు.

హెడ్మాస్టరు, సంఘ పెద్ద, పక్కింటివాడు. మూడూ ఒకే నోరైతే జనం నమ్మక ఏం చేస్తారు? ఈ అడవి పల్లెల్లో ఇప్పసారా తాగి తాగి పొట్ట ఉబ్బి పోయినవాళ్ళను అందరూ చూశారు. కాళ్ళు వాచి పొట్ట వచ్చిందంటే ఇక్కడ ఇంకో మాట లేదు, తాగుడే.

జయరాజ్ జీవితంలో చుక్క ముట్టలేదు. ఆ రోజు హార్మోనియం మూసి, దాని మీద గుడ్డ కప్పి, వెళ్ళి వెనక వరుసలో కూర్చున్నాడు. ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. ఒక్క మాట అనలేదు. ఆయన అనని మాటలన్నీ నా దగ్గరే ఉన్నాయి.

జూలై 3

టీ తీసుకుని వెళ్తే ప్రభాకర్ బూట్లు విప్పి, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని ఉన్నాడు.

"మరియా, వానకు తడిసి ఈ బూట్లు బిగుసుకపోయినట్టున్నయ్. చెప్పులు కుట్టేటాయనకిచ్చి జర సాగదీపియ్యి."

తోలు బిగుసుకుపోలేదు, వాడి పాదం పెరిగింది. మేజోడు విప్పిన చోట కాలి చుట్టూ తాడు కట్టినట్టు లోతుగా గీత పడింది. అలాగే సార్ అన్నాను. బూర్గంపాడు వెళ్ళినప్పుడు సాగదీయించి తెచ్చాను కూడా. నా పని అదే కదా. జయరాజ్ పోయాక, ఆయన ఈ బడిలోనే టీచరు కాబట్టి, నాకు అటెండరు ఉద్యోగమిచ్చారు. బెల్లు కొడతాను, టీ పెడతాను, ఫైళ్ళు మోస్తాను. నా కాగితాల మీద ప్రభాకర్ ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా సంతకం పెట్టాడని అందరూ మెచ్చుకున్నారు. జాలితో పెట్టాడనుకున్నారు. నాకు తెలుసు, నా ముఖం చూడలేక పెట్టాడు.

జూలై 9

సాయంత్రం ప్రభాకర్ భార్య సుశీలమ్మ గోడ అవతలి నుంచి పిలిచింది. క్వార్టర్లలో మా రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. ఆమె మీద నాకు కోపం లేదు. వాడికి భార్య కావడం తప్ప ఆమె చేసిన తప్పేమీ లేదు.

"మరియా, మీ ఇంట్ల దిండు ఎక్కువుంటే ఇయ్యరాదు? సారుకు తల ఎత్తు మీద ఉంటేగాని నిద్ర పడతలేదు. రెండు పెట్టిన, సాల్తలేవు. గ్యాసు పైకి తంతుందంటడు."

"పడుకుంటే దగ్గు వస్తోందా వదినా?"

"అవ్, వస్తుంది. లేసి కూసుంటే తగ్గుతది. ఏంది, నీకూ ఇనబడుతుందా?"

వినబడుతుంది. వారం నుంచి వింటున్నాను. ఆ దగ్గు నాకు ఎంత పరిచయమో ఆమెకు తెలియదు.

లోపలికి వెళ్ళి జయరాజ్ దిండు తెచ్చి ఇచ్చాను. బూరుగుదూది దిండు, మధిరలో మా అమ్మ దగ్గరుండి కుట్టించింది. జయరాజ్‌కు మొదట రెండు దిండ్లు సరిపోయేవి. తర్వాత ఇది మూడోది. ఆ తర్వాత దిండ్లతో పని లేకపోయింది, గోడకు ఆనుకుని కూర్చుని తెల్లవార్లూ కునికేవాడు.

"దేవుడు నిన్ను సల్లగ చూడాలె" అని సుశీలమ్మ దిండును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్ళింది.

జూలై 10

తెలిసే ఇచ్చాను.

జూలై 21

ఇవాళ వరండాలో సుశీలమ్మ ప్రభాకర్ కాళ్ళకు నూనె రాస్తోంది. నేను బట్టలు ఆరేసుకుంటూ పిట్టగోడ మీదుగా చూశాను. ఆమె బొటనవేలు నొక్కి తీసిన చోట గుంట పడింది. పడి, అలాగే ఉండిపోయింది. నేను చీర దులిపి, తీగ మీద వేసి, క్లిప్పులు పెట్టి మళ్ళీ చూసినా గుంట ఇంకా ఉంది.

భద్రాచలంలో డాక్టరు గారు జయరాజ్ కాలి మీద అలాగే వేలు పెట్టి నొక్కి నాకు చూపించారు. "ఇది తాగుడు కాదమ్మా, గుండె. ఆగిపోలేదు, అలిసిపోయింది. వచ్చిన రక్తాన్ని ముందుకు నెట్టలేకపోతోంది, అందుకే నీరు వెనక నిలిచిపోతోంది. ఊపిరితిత్తుల్లో నిలిస్తే ఆయాసం, పడుకుంటే మరీ ఎక్కువ. కాళ్ళలో నిలిస్తే వాపు. కడుపులో నిలిస్తే పొట్ట" అన్నారు. గుండెను యంత్రం మీద చూపించారు. పెద్దదై, బద్ధకంగా కదులుతోంది. జయరాజ్ ఇరవయ్యేళ్ళు పాటలు పాడిన గుండె అది.

అప్పటికే ఆలస్యమైంది. అంతకు ముందు రోజే ప్రభాకర్ మా ఇంటికి ఆర్ఎంపీ గణేష్‌ను పంపాడు. బడికి ఇన్‌స్పెక్షన్ ఉంది, సార్లు తక్కువున్నారు. "రెండు సీసాలు ఎక్కియ్ గణేష్, మనిషి లేసి నిలబడ్తడు" అని ప్రభాకర్ వాళ్ళ వాకిట్లో అనడం నా చెవులారా విన్నాను. ఇక్కడ ఎవరికి నీరసం వచ్చినా గ్లూకోజు సీసా ఎక్కాల్సిందే. సీసా పెట్టని డాక్టరును డాక్టరే అనరు. ఉన్న నీరే తోడలేని గుండె మీద ఇంకో రెండు సీసాల నీళ్ళు పోశారు. మూడో రోజు జయరాజ్ పోయాడు.

గుండె జబ్బని ఇంటింటికీ చెప్పుకున్నాను. "అవ్, తాగితే గుండె గూడ పోతది" అన్నారు.

సుశీలమ్మ నన్ను చూసి, "మరియా, ఈ వాపుకు ఉప్పు కాపడం పెడితే మంచిదేనా?" అని అడిగింది.

"పెట్టండి వదినా, మంచిదే" అన్నాను.

నేను డాక్టరును కాను. టీ పెట్టేదాన్ని. నాకేం తెలుసు.

జూలై 29, ఆదివారం

హాస్టల్ వంటమనిషి జంపక్క బియ్యం చెరుగుతూ నన్ను దగ్గరికి రమ్మంది.

"హెడ్మాస్టరు సారు పొట్ట చూసినవా మరియమ్మా? ముఖం పీక్కపోయింది, పొట్ట మాత్రం కుండ లెక్క. తాగుతుండా ఏంది?"

"ఏమో జంపక్కా. గోడ అవతల సంగతి నాకేం తెలుసు."

అంతే అన్నాను. ఒక్క మాట.

ఆగస్టు 3

మాట ఒక్కటే గానీ, ఆ మాట తర్వాత కొంచెం నవ్వాను. జంపక్కకు ఆ నవ్వు చాలు. ఊరికి జంపక్క చాలు.

ఇవాళ కిరాణా కొట్టు దగ్గర ఇద్దరు మగవాళ్ళు ప్రభాకర్ నడిచి వెళ్తుంటే చూసి, చేతిని గ్లాసులా చేసి నోటి దగ్గర పెట్టి చూపించుకున్నారు. నేను పప్పు కొనడం మరిచిపోయి ఇంటికొచ్చాను. ఎంత హాయిగా ఉందో రాయడానికి సిగ్గుగా ఉంది. లేదు, సిగ్గేమీ లేదు. హాయిగానే ఉంది.

ఆగస్టు 12, ఆదివారం

నడిమి కుర్చీ ఖాళీ. పాస్టరు గారే చెప్పారట, "సంఘంలో మాటలు వస్తున్నాయి, కొన్నాళ్ళు వెనక కూర్చోండి సార్" అని. ప్రభాకర్ వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జయరాజ్ కూర్చున్న చోటే. ఇది నేను చేసింది కాదు. దేవుడు చేశాడు. నేను కొంచెం నవ్వాను, అంతే.

చాలా రోజుల తర్వాత ఇవాళ గొంతెత్తి పాడాను. పక్కన కూర్చున్న హైమ ఆశ్చర్యంగా తిరిగి చూసింది.

ఆగస్టు 15

రబ్బరు చెప్పులతో జెండా ఎగరేశాడు. సాగదీసిన బూట్లు కూడా పట్టడం లేదు. ఉపన్యాసం మొదలుపెట్టి, "మన స్వాతంత్ర్య సమరయోధులు" అని ఆగాడు. నోరు తెరిచి గాలి కోసం చూస్తున్నాడు. పిల్లలు ఉపన్యాసం అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. జీవితంలో మొదటిసారి వాడి ఉపన్యాసం పిల్లలకు నచ్చింది.

మెడ పక్కన నరం ఉబ్బి కొట్టుకుంటోంది. టీ ఇచ్చే దూరం నుంచి కూడా కనిపిస్తోంది.

ఆగస్టు 16

అందరూ వెళ్ళాక ఆఫీసులోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. ఈ ఏడాదిలో ఎప్పుడూ అనలేదు. నేను కూర్చోలేదు.

"మరియా, నేను తాగుతున్ననని ఊరంత అంటున్నరు. నువ్వు పక్కింట్లనే ఉంటవ్. నీకు తెల్వదా నేను తాగనని? ఒక్క మాట నువ్వు చెప్తే..."

ఈ క్షణం కోసం నేను ఎన్ని మాటలు కూడబెట్టుకున్నానో. గిన్నెలు తోముతూ, నడుస్తూ, ప్రార్థనలో కళ్ళు మూసుకుని. తీరా చూస్తే నోట్లోంచి ఒక్కటే వచ్చింది.

"జయరాజ్ కూడా మీ పక్కింట్లోనే ఉన్నాడు సార్. మీకు తెలియదా?"

తల వంచుకున్నాడు. "నేను నిజంగ అట్లనే అనుకున్న మరియా" అన్నాడు.

అనుకున్నాడట! అనుకోవడానికి వాడికి నా మొగుడే దొరికాడు. గ్లాసు తీసుకుని వచ్చేశాను. దాన్ని రెండుసార్లు కడిగాను.

ఆగస్టు 18

ఇవాళ చెప్పేద్దామనుకున్నాను. మధ్యాహ్నం కుర్చీలో కూర్చునే నిద్రపోయాడు. నోరు తెరుచుకుని, గడ్డం ఛాతీకి ఆనించి. జయరాజ్ అలాగే నిద్రపోయేవాడు. దగ్గరికి వెళ్ళాను. "సార్, ఇది గ్యాసు కాదు, తాగుడు కాదు, భద్రాచలం వెళ్ళి గుండె చూపించుకోండి" అంటే అయిపోయేది. ఆ మాటలు నోట్లో పెట్టుకునే నిలబడ్డాను.

కళ్ళు తెరిచి నన్ను చూశాడు. "ఏంది? పొద్దుగాల టీల చక్కెర ఎక్కువేసినవ్. జర చూసి పెట్టు" అన్నాడు.

సరే సార్ అన్నాను. మింగేశాను.

ఆగస్టు 21

చాలా రాత్రయింది. అయినా రాయాలి.

రేపు గిరిజన బడులు చూసే ఐటీడీఏ నుంచి పెద్ద సారు బడి చూడటానికి వస్తున్నాడు. నిలబడే ఓపిక లేదని ప్రభాకర్ పొద్దున్నే గణేష్‌ను పిలిపించుకున్నాడట. గణేష్ కిటికీ ఊచకు సీసా వేలాడదీసి, సూది గుచ్చి, మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, "ఇది అయిపోయేలోపు వస్త, ఇంకోటి ఎక్కిద్దాం" అని బండి మీద పక్క ఊరికి పోయాడు. సుశీలమ్మ బడి గేటు దగ్గరికి వచ్చింది. "గణేష్ రాసిచ్చిన మాత్రలు తెచ్చుకుంట. జర సారు దగ్గర కూసో మరియా, సీసా చూస్తుండు" అని చెప్పి బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

సీసా చూస్తుండమని నాకు చెప్పింది. నాకు!

లోపలికి వెళ్ళేసరికి ప్రభాకర్ పెదవులు నీలంగా ఉన్నాయి. ఛాతీలో హుక్కా పీల్చినట్టు గుడగుడమంటోంది. లేవాలని చూస్తున్నాడు, లేవలేకపోతున్నాడు. సీసా సగం అయిపోయింది. చుక్క తర్వాత చుక్క గొట్టంలోకి దిగుతూనే ఉంది. ఆ గొట్టానికి చిన్న తెల్ల చక్రం ఉంటుంది. కిందికి తిప్పితే చుక్కలు ఆగిపోతాయి. జయరాజ్‌కు పెట్టినప్పుడు ఆ చక్రం ఏమిటో నాకు తెలియదు. ఆ తర్వాత తెలుసుకున్నాను.

మొదట చక్రం తిప్పి ఆపాను. తర్వాత అడిగాను, "జయరాజ్ తాగాడా సార్?" అని.

తల అడ్డంగా ఊపాడు. "నోటితో చెప్పండి" అన్నాను. "తాగలే" అన్నాడు. "నాకు కాదు, చర్చిలో చెప్పాలి" అన్నాను. "చెప్త" అన్నాడు. ఆ రెండు మాటలకు ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు.

సూది పీకేశాను. వెనక నుంచి చంకల్లో చేతులు వేసి లేపి కూర్చోబెట్టాను. కాళ్ళు మంచం కిందికి వేలాడేశాను. వీపు వెనక దిండు పెట్టాను. పెట్టాక చూస్తే అది జయరాజ్ దిండే. కిటికీలోంచి జంపక్కను కేకేశాను. ఆమె గొంతు నా గొంతు కంటే పెద్దది, ఆటో వెంటనే వచ్చింది. దారిలో మాత్రలతో తిరిగి వస్తున్న సుశీలమ్మను ఎక్కించుకున్నాం. గోదావరి వంతెన మీద ప్రభాకర్ తల నా భుజం మీద పడింది. తోసేయలేదు. తోసేయడానికి ఆటోలో చోటు లేదు.

ఆగస్టు 23

అదే ఆసుపత్రి. అదే డాక్టరు గారు. మెడ నరం చూశారు, ఛాతీ విన్నారు, కాలి మీద వేలు పెట్టి నొక్కారు. నేను ఆ గుంటను చూడకుండా గోడను చూశాను. ఎక్స్‌రేలో గుండె పెద్దదై కనిపించింది. యంత్రం మీద మళ్ళీ అదే బద్ధకపు కదలిక. ముక్కుకు గాలి పెట్టి, నీరు బయటికి పోయే ఇంజెక్షను ఇచ్చారు. సాయంత్రానికి సంచి నిండా మూత్రం పోసి, ప్రభాకర్ తలగడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి ఆడుతోంది.

డాక్టరు గారు సుశీలమ్మను అడిగారు. "ఈ పరిస్థితిలో సెలైన్ ఎవరు పెట్టారమ్మా? ఇంకో సీసా ఎక్కి ఉంటే మీరు నా దగ్గరికి రావాల్సిన అవసరం ఉండేది కాదు. ఎవరు ఆపారు?"

సుశీలమ్మ నన్ను ముందుకు తోసింది.

ఆయన గుర్తుపట్టారు. "మీరు పోయినేడు భర్తను తీసుకొచ్చారు కదూ? ఈసారి తొందరగా తెచ్చారమ్మా" అన్నారు.

తొందరగా.

ఆగస్టు 26, ఆదివారం

మొదట ఆపాను. తర్వాతే అడిగాను.

చర్చికి వెళ్ళలేదు. తలనొప్పి.

సెప్టెంబరు 2, ఆదివారం

ప్రభాకర్ ఇంటికొచ్చాడు. పొట్ట తగ్గింది. కాళ్ళు సన్నబడి, తీగ మీద ఆరేసిన చొక్కాలా ఉన్నాడు. రోజూ మాత్రలు, పొద్దున్నే బరువు చూసుకోవాలి, నీళ్ళు కొలతగా తాగాలి, ఉప్పు చాలా తగ్గించాలి. సుశీలమ్మ గోడ మీదుగా అడిగింది.

"మరియా, ఆవకాయ ముక్కొక్కటి పెట్టనా? పాపం, నాలుక సచ్చిపోయిందంటుండు."

"వద్దు."

"ఎండుచేప?"

"అసలే వద్దు. అప్పడం వద్దు, పచ్చడి వద్దు. చప్పటి పప్పు పెట్టండి వదినా."

ఈ జవాబుల్లో నాకు దొరికిన ఆనందం డాక్టరు గారికి తెలిస్తే నన్ను ఆసుపత్రిలో ఉద్యోగానికి తీసుకునేవారు. బతికినన్నాళ్ళూ చప్పటి పప్పు! పగ తీర్చుకోవాలనుకునేవాళ్ళు కత్తులు ఎందుకు పడతారో నాకు అర్థం కాదు.

అయినా అన్నం సహించలేదు. పడుకుని లేచాను. ఇది రాయకపోతే ఈ డైరీ ఎందుకు?

మొదట అడిగాను. చక్రం మీద వేలు పెట్టి, తిప్పకుండా అడిగాను. తల ఊపితే సరిపోలేదు నాకు. నోటితో చెప్పమన్నాను. వాడు గాలి కోసం కొట్టుకుంటుంటే చుక్కలు దిగుతూనే ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నాను. "చెప్త" అన్నాకే తిప్పాను. అనకపోతే తిప్పేదాన్నా? తిప్పేదాన్ని. తిప్పేదాన్నే అనుకుంటాను.

వాడి కళ్ళు నా ముఖం మీద లేవు. నా వేలి మీద ఉన్నాయి.

సెప్టెంబరు 12

జయరాజ్ పోయి ఏడాది. సమాధి దగ్గర గడ్డి పీకి వచ్చాను. ఆదివారం ప్రభాకర్ సాక్ష్యం చెబుతాడట. రోగం నుంచి లేచినవాళ్ళు సంఘం ముందు నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పడం మా దగ్గర ఆనవాయితీ. నిజం తప్ప చెప్పకూడదు. అంతా చెబుతాడు. జయరాజ్ సంగతి చెబుతాడు, చక్రం సంగతీ చెబుతాడు. చెప్పనీ. నేను ముందు వరుసలోనే కూర్చుంటాను.

సెప్టెంబరు 16, ఆదివారం

చర్చి నిండిపోయింది. ప్రభాకర్ నిలబడలేడని కుర్చీ వేశారు. కూర్చోకుండా దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు. ఉపన్యాసం లేదు, పెద్ద మాటలు లేవు.

"పోయినేడు ఇదే చోట నిలబడి జయరాజ్ తాగుతుండని చెప్పిన. అబద్ధం. నాకు తెల్వక చెప్పిన, తెల్వనోడు నోరు మూసుకోవాలె, మూసుకోలే. ఆయనకొచ్చిందే నాకొచ్చింది. అవే కాళ్ళు, అదే పొట్ట, అదే దమ్ము. ఆయనకు సీసాలు ఎక్కియ్యమని గణేష్‌ను పంపింది గూడ నేనే. జయరాజ్ చుక్క ముట్టని మనిషి. పాటలు పాడనియ్యకుంట చేసి పంపించిన ఆయనను. సంఘం నన్ను క్షమించాలె."

వెనక ఎక్కడో జంపక్క ముక్కు చీదింది. ఆమె మా సంఘం మనిషి కాదు, వినడానికే వచ్చినట్టుంది. నేను ఏడవలేదు. ఇంకా అయిపోలేదని నాకు తెలుసు. చీర కొంగు వేలికి చుట్టుకుని ఎదురుచూస్తున్నాను.

ఆయన నా వైపు తిరిగాడు.

"నన్ను బతికించింది మరియ. గుమ్మంల అడుగు పెట్టంగనే ఉరికొచ్చి సీసా బంద్ చేసింది. ఒక్క క్షణం గూడ ఆగలే. నా మీద ఎంత కోపముండాలె ఆమెకు! అయినా ఆగలే."

నా కళ్ళలోకి చూసే చెప్పాడు.

"స్తోత్రం" అని సంఘమంతా అంది. సుశీలమ్మ వచ్చి నన్ను కౌగిలించుకుంది. హైమ నా చేతులు కళ్ళకు అద్దుకుంది. పాస్టరు గారు నా పేరు చెప్పి, శత్రువును ప్రేమించడమంటే ఇదని ప్రార్థన చేశారు. లేచి నిలబడి కాదు అనొచ్చు. అందరూ నన్నే చూస్తున్నారు. అడ్డం కూడా ఏమీ లేదు.

అందరితో పాటు నేనూ స్తోత్రం అన్నాను.

సెప్టెంబరు 17

పొద్దున్నే సుశీలమ్మ దిండు తిరిగిచ్చింది. గలేబు ఉతికి, ఇస్త్రీ చేసి. "ఇప్పుడు ఒక్కటే సాల్తుంది మరియా" అంది. దిండు మంచం మీద పెట్టి బడికి వెళ్ళాను.

ఆయన ఆఫీసులో ఉన్నాడు. మెట్ల దగ్గర ఆగి, జేబులో వెతకకుండా, ఊరికే ఆగి, ఊపిరి తీసుకుని ఎక్కాడట, జంపక్క చెప్పింది. నేను టీ పెట్టాను, చక్కెర సరిగ్గా వేసి. గ్లాసు బల్ల మీద పెట్టి నిలబడ్డాను.

"సార్, ఎందుకలా చెప్పారు?"

"ఎట్ల?"

"నేను ఆగలేదని."

ఆయన గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. తాగలేదు. కిటికీలోంచి గ్రౌండులో ఆడుకుంటున్న పిల్లల వైపు చూశాడు.

"పోయినేడు నీ మొగుని మీద ఒక అబద్ధం చెప్పిన, అందరు నమ్మిన్రు. ఈయేడు నీ మీద ఒకటి చెప్పిన. ఇదిగూడ నమ్మిన్రు. దానికి దీనికి సరి అంటలేను మరియా. సరి గాదు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "పో, టైమైంది. పిల్లలకు బెల్లు కొట్టు."

వెళ్ళి రైలు పట్టా ముక్క ముందు నిలబడి బెల్లు కొట్టాను. పిల్లలు వరసలు కట్టారట, ప్రార్థన పాట మొదలుపెట్టాలని సార్లు చెయ్యి ఊపారట, నాకు తెలియదు. కొడుతూనే ఉన్నానట. జంపక్క వంటింట్లోంచి పరుగెత్తుకుని వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది.